బస్సు సూది

పోయిన వారం ఆశన్నను కామారెడ్డిలో, జ్వరానంతర బాధితుల పరిశోధన, సంరక్షణ కేంద్రం మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఎదురుగా తలుపుకు అతికించిన కాగితమూ అక్కడే ఉంది. రెండేండ్ల కింద వానకాలంలో ఎల్లారెడ్డి అవతలి ఊళ్లను చికున్‌గున్యా మంచాన పడేసిపోయిన సంగతి, జ్వరం పోయినా కీళ్లలోకి దిగిన నొప్పి, ఒంట్లోకి దిగిన నీరసం పోని నలభై ఒక్క మంది కోసం సర్కారు ఈ కేంద్రం తెరిచిన సంగతి, ఆ నలభై ఒక్క మందిలో ఆశన్న భార్య సాలవ్వ ఉన్న సంగతి మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు తెలుసు. ఇవాళే పుస్తకం చేతికొచ్చినవాళ్లకు ఇంతవరకు చాలు. కాగితం మీద ఏముందంటే: "బాధితులందరూ కోలుకున్నందున ఈ నెలాఖరుతో కేంద్రం మూసివేయబడును. మిగిలిన నిధులు వాపసు చేయబడును."

నెలాఖరు అంటే మార్చి ముప్పై ఒకటి. ఇంకా వారం కూడా లేదు.

ఆశన్న ఏడో తరగతిలో బడి వదిలి ఆటో హ్యాండిల్ పట్టినవాడు. ఆ రెండు వాక్యాలు చదవడానికి ఆ చదువు సరిపోయింది. మింగడానికే సరిపోలేదు. కోలుకున్నారట! ఎవరు కోలుకున్నారు? తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

రోగుల పేరు మీద తెప్పించిన ఏసీ ఆఫీసర్ గదిలోనే ఆగిపోయింది. రోగులు కూర్చునే వరండాలో రెక్క వంగిన ఫ్యాను ఒకటి, తిరుగుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా ఉంది. కీళ్లకు కసరత్తు చేయించే మిషన్లు మూడు, వచ్చిన రోజు కప్పిన ప్లాస్టిక్ ముసుగులతోనే గోడ వారన నిలబడి ఉన్నాయి. రక్తం నమూనాలు దాచే ఫ్రిజ్ మీద "పరిశోధన కొరకు మాత్రమే" అని రాసుంది. బంట్రోతు ఆ ఫ్రిజ్ తలుపు తెరిచి, రక్తం సీసాలను పక్కకు జరిపి, వెనక నుంచి మజ్జిగ ప్యాకెట్లు రెండు తీసుకుని ఆఫీసర్ గదిలోకి పోయాడు.

 బంట్రోతు వెనకాలే ఆశన్న కూడా పోయాడు.

ప్రోగ్రాం ఆఫీసర్ సిద్దార్థకు నలభై ఏండ్లు ఉండవు. మెత్తగా మాట్లాడతాడు. గంటకోసారి బల్ల మీది సీసాలోంచి ఏదో పిండుకుని చేతులు రుద్దుకుంటాడు. ఆ చేతులు ఏ రోగినీ ముట్టుకోగా ఆశన్న ఇంతవరకు చూడలేదు.

"రా డ్రైవర్, రా. శుక్రవారం ట్రిప్పు సంగతి చెప్పడానికి నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"శుక్రవారం ముచ్చట ఎనక సార్. బైట గా కాయిదం ఏంది?"

"చదివావు కదా."

"చదివిన. ఎవలు కోలుకున్నరు సార్?"

"అందరూ."

"మా ఇంటామె బోరింగ్ కాడికి పోయి బిందె తెస్తలేదు. జడ అల్లుకోనీకె చేతులు పైకి లేస్తలెవ్వు. జాకెట్ హుక్కులు పెట్టేది నేను సార్. పెండ్లైన ఇరవై ఆరేండ్లకు గా పని నేర్సుకున్న. గామె కోలుకున్నదా?"

సిద్దార్థ బెల్లు కొట్టి డాక్టరమ్మను ఫైలుతో రమ్మన్నాడు.

లిదియా వచ్చింది. మాచారెడ్డి దగ్గరి పల్లె పిల్ల. నాన్న కూలి చేసి చదివించాడు. నవంబరులో కాంట్రాక్టు మీద ఈ కేంద్రంలో చేరింది. నెలాఖరుకు ఆమె ఉద్యోగమూ కేంద్రంతో పాటే పోతుంది. ఆశన్నను చూసి "మంచిగున్నవా అన్నా" అని, జవాబు కోసం చూడకుండా సాలవ్వ ఫైలు బల్ల మీద పెట్టింది.

సిద్దార్థ వేలితో చూపిస్తూ చదివాడు. "ఆరు నిమిషాల నడక పరీక్ష. జూన్‌లో మూడు వందల తొంభై మీటర్లు. సెప్టెంబర్‌లో నాలుగు వందల పది. డిసెంబర్‌లో నాలుగు వందల ముప్పై. పిడికిలి బలం, పర్వాలేదు. 'ఎలా ఉన్నావమ్మా' అన్న ప్రశ్నకు 'మంచిగున్న సార్' అని జవాబు. మూడుసార్లూ అదే జవాబు. నేను రాసింది కాదయ్యా. నీ భార్య చెప్పిందే."

"అట్లడిగితే ఎవలైనా గదే అంటరు సార్. మావోళ్లను పాడె మీద పండవెట్టి అడుగుండ్రి, మంచిగున్న అనే అంటరు. పెద్ద సారు నోరు తెరిచి అడిగిండు, మంచిగ లేనంటే ఆయన మనసు కష్టవెట్టినట్టు గాదా?"

లిదియా పెదవి చివర చిన్న నవ్వు వచ్చి, వచ్చినంత తొందరగా పోయింది. "అన్నా, మాట పక్కకు పెట్టు. మీటర్లకు మర్యాద తెల్వది గద. డిసెంబర్ల నేనే నడిపించిన. అక్క ఉరికినట్టే నడిచింది. నాకు అప్పుడే అనుమానం. ఇంట్ల బిందె లేపలేని మనిషి ఈడికొచ్చి అట్లెట్ల నడిచింది?"

"సూది ఏస్కొని వస్తది గద మేడం."

తల దువ్వుకుని వస్తది గద అన్నంత మామూలుగా అన్నాడు. అని, ఇద్దరి మొహాలూ చూశాడు. గదిలో ఏసీ గుర్రుమంటోంది. 

"ఏం సూది?" అన్నది లిదియా.

"బస్సు సూది."

ఇది వాళ్ల ఊరి మాట. పోయిన ఏడాది కేంద్రం తెరిచి, పరీక్షలకు రమ్మని పేరుపేరునా పిలిచినప్పుడు నలభై ఒక్క మందీ ఎల్లారెడ్డి బస్టాండుకు చేరారు. బస్సు మొదటి మెట్టు మోకాలెత్తు. మోకాలే వంగని మనిషికి ఆ మెట్టు గుట్టతో సమానం. దుర్గవ్వ అనే పెద్ద ముత్తవ్వ రెండు చేతులతో రాడ్ పట్టుకుని లేవబోయి వెనక్కి పడింది. కండక్టర్ "ఎక్కుతవా, నేనే దిగాల్నా" అని అరిచాడు. బస్సు నిండా నవ్వులు. ఆ రోజు సగం మంది పరీక్షకు పోకుండానే ఇంటికి మళ్లారు. మళ్లీసారి ఊరి ఆరెంపీ డాక్టరు సతీశ్ ఒక దారి చెప్పాడు. పొద్దున్నే ఒక్క సూది పొడిపించుకోండి, సాయంత్రం దాకా ఎగిరి దుంకుతరు అన్నాడు. నిజంగానే బస్సు ఎక్కారు. దానికి పేరు అట్లా పడింది. తర్వాత ఆశన్న బస్సు బాధ తప్పించి తన ఆటోలోనే బ్యాచ్‌కు ఏడుగురు చొప్పున తోలుకురావడం మొదలుపెట్టాడు. బస్సు పోయింది గానీ సూది పోలేదు. గంటన్నర కుదుపుల ప్రయాణం, ఆపైన సార్ల ముందు నిలబడి నడవాలి. దవాఖానకు పోయేటప్పుడు మనిషి మనిషి లెక్క పోవాలి కదా! తలస్నానం, ఉతికిన చీర, నుదుట బొట్టు, సతీశ్ సూది.

ఇదంతా ఆశన్న ఏ దాపరికం లేకుండా చెప్పాడు. పైగా కొంత గర్వంగా చెప్పాడు. "నా ఆటో సతీశ్ ఇంటి ముంగట ఆగనిదే ఎల్లారెడ్డి దాటదు మేడం. ఒక్కలను కూడా బాధ పడనియ్యలే."

"పరీక్ష రోజులేనా? మామూలు దినాలల్ల?"

"అలవాటైన సుఖం ఎవలు ఇడుస్తరు? మా సాలవ్వ వారానికో సూది, రెండొద్దులు మంచిగ తిరుగుతది, మళ్ల మంచమే. పొట్లంల చిన్న తెల్లగోలీలు, అవి రోజూ."

"ఎన్ని నెలల సంది?"

"ఏడాది కావస్తున్నది."

లిదియా కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "స్టెరాయిడ్ అన్నా అది. అది జబ్బును తగ్గియ్యదు, నొప్పి మీద మూత పెడ్తది. జబ్బు మూత కింద ఉడుకుతనే ఉంటది."

ఆశన్నకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.  "అంటే... మీరు కొలిచింది మా మనుషులను కాదా? సతీశ్ సూదినా?"

లిదియా ఫైలు మూసేసింది. 

నాట్ల ముఠాకు పెద్ద సాలవ్వ. నారు చేత పట్టి మడిలో వెనక్కి నడుస్తూ పోతుంటే, గట్టు మీద ముందుకు నడిచేవాడు అందుకోలేకపోయేవాడు. అట్లాంటి మనిషి పడిపోతే, నిలబెట్టే దారి వెతుక్కుంటూ కామారెడ్డి వచ్చారు. వచ్చేదారిలో మొగుడే ఆటో ఆపి, జబ్బును చీర కొంగు కింద దాచి, సార్లకు చూపించాడు. చూపించి, చూశారా సార్ అన్నాడు. వాళ్లూ చూశామన్నారు.

తన మీద తనకే అసహ్యమేసింది. ఆ అసహ్యాన్ని అక్కడే ఉంచుకుంటే ఉక్కిరిబిక్కిరవుతానని, దాన్ని ఎవరి మీదకైనా విసరాలని లేచాడు. "మాకు బండి ఉంటే సూది ఎందుకు సార్? 'బాధితుల సేవలో' అని రాసిన తెల్లబండి ఏది? పొద్దుగాల నేనొచ్చేటాల్లకు ఇంగ్లీష్ బడి ముంగట ఆగి ఉంది. అందుల్నుంచి దిగింది బాధితులా, మీ పిల్లలా?"

"గొంతు తగ్గించు."

"గా బండి మా ఊరికి ఒక్కనాడు వస్తే దుర్గవ్వ కింద పడకపోవు. సతీశ్ కాడికి మేం పోకపోదుము."

సిద్దార్థ చేతులు రుద్దుకున్నాడు. ఆ మొహంలో కోపం లేదు. కంగారు కూడా లేదు. అక్కడే లిదియాకు తట్టింది.

"సార్, జనవరిల నేను మీకు కాయిదం రాసిన. మనుషుల మొహాలు గుండ్రంగ ఉబ్బుతున్నయి, పిర్రల మీద సూది గాట్లున్నయి, పొద్దటి రక్తం తీసి పరీక్షకు పంపాలె అని. నిధులు లేవన్నరు."

"లేవు కాబట్టే లేవన్నాను."

"గా వారమే, మొన్న ఫంక్షన్‌హాల్ల నలభై ఒక్క మందికి కప్పిన శాలువలకు, మెడల ఏసిన ఫోటో కార్డులకు ఆర్డర్ పెట్టిండ్రు. మీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు సిద్దార్థ. ఎంత సులువుగా అన్నాడంటే, టీలో చక్కెర తక్కువైందని అన్నట్టు. "తెలిస్తే ఏం చేయమంటావమ్మా? నలభై ఒక్క మందికి బాగాలేదని రాస్తే, ఏడాది నుంచి నువ్వేం చేస్తున్నావని పైవాళ్లు నన్నడుగుతారు. బాగైందని రాస్తే నాకు శాలువా కప్పుతారు. పరిశోధన అంటే ఏదో ఒకటి తేలాలి కదా. తేలింది."

ఆశన్న నోట్లో ఉమ్మి ఊరింది. సిద్దార్థ మొహానికీ ఆ ఉమ్మికీ మధ్య బల్ల వెడల్పే ఉంది. కానీ జీవితమంతా సార్ల ముందు నిలబడ్డ గొంతు అది. గుటకేసింది. వాడి మీద కంటే ఆ గుటక మీదే ఎక్కువ రోత పుట్టింది.

"ఇప్పుడు విను," అన్నాడు సిద్దార్థ. "శుక్రవారం హైదరాబాద్ నుంచి కమిటీ వస్తుంది. కోలుకున్నవాళ్లతో మాట్లాడుతుంది, నడిపించి చూస్తుంది, ఫోటోలు తీసుకుంటుంది. నలభై ఒక్క మందినీ తోలుకురా. ఎప్పటిలాగే తోలుకురా."

"ఎప్పటి లెక్క అంటే?"

"నీకు తెలుసు. కాదూ, సూది ముచ్చట బయటపెడతానంటావా? పెట్టు. పోలీసులు ముందు సతీశ్‌ను పట్టుకుంటారు. సతీశ్ ఎవరి పేరు చెబుతాడు? ఇంటి ముందు ఎవరి ఆటో ఆగింది?"

ఆశన్న బయటికొచ్చేశాడు. వరండా అంతటా నేల మీద పసుపు టేపు అతికించి ఉంది. ఆరు నిమిషాల నడకకు గీసిన గీత. సాలవ్వ ఆ గీత మీదే అటూ ఇటూ ఉరుకుతూ, గోడ దగ్గర మళ్లినప్పుడల్లా మొగుడి వంక చూసి నవ్వేది. చూసినవా, ఎట్ల నడుస్తున్ననో! ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి, చెప్పు కాలితో టేపును కసిగా గీకాడు. అది లేవలేదు. సర్కారు అతికించినవాటిలో గట్టిగా అతుక్కున్నది అదొక్కటే.

ఆటో స్టార్ట్ చేస్తుంటే వెనకనుంచి లిదియా ఉరికొచ్చింది. "అన్నా, ఆగు! ఆ సూది..."

సూది అన్న మాట వినగానే ఆశన్నకు చెవులు మూసుకుపోయాయి. "సూది పేరు ఎత్తకు మేడం, నీకు దండం పెడ్త," అని గేరు మార్చాడు. ఆమె గేటు దాకా వచ్చి ఇంకా ఏదో అరిచింది. ఇంజన్ చప్పుడులో అది కలిసిపోయింది. లింగంపేట చేరేలోపు జేబులో ఫోన్ నాలుగుసార్లు మోగింది. ఎవరని కూడా చూడలేదు.

ఎల్లారెడ్డి దాటి ఊరు ఆరు మైళ్లు. ఆ ఆరు మైళ్లూ యాసంగి వరి పొట్టకొచ్చి ఉంది. నీళ్లు నిండిన మడుల మధ్య రోడ్డు. ఎండ నడినెత్తి దాటింది. ఆశన్న ఇంటికి పోలేదు. ఆటో ఎప్పుడూ ఆగే చోటే ఆగింది.

సతీశ్ బనీనుతో కూర్చుని అన్నం తింటున్నాడు. "ఏందన్నా, ఎండల? శుక్రవారం బ్యాచ్ కోసమా? మందు తెప్పిచ్చిన, కొత్త డబ్బా. అందరికి సరిపోతది."

"ఏడున్నది?"

"అగో, బల్ల మీద."

అట్టడబ్బా. ఇంకా సీలు తీయలేదు. పక్కనే వాడుతున్న పాత డబ్బా, గోలీల సంచి. ఆశన్న అన్నీ ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు. సతీశ్ ఎంగిలి చేత్తోనే వెనకాల ఉరికాడు. ఆశన్న డబ్బాలను బండరాయి మీద బోర్లించి, చిన్న చిన్న గాజు సీసాలను కాలితో తొక్కాడు. ఒక్కొక్కటి టప్పు టప్పుమని పగిలింది. తొక్కుతున్నంతసేపూ ఆశన్న కళ్లకు అవి సీసాల్లా కనబడలేదు. రుద్దుకుంటున్న రెండు మెత్తని చేతులు కనబడ్డాయి. పగలనివి మురికి కాల్వలోకి తన్నాడు. గోలీల సంచి కూడా కాల్వలోకే.

"పిచ్చి లేసిందా నీకు?"

"ఏం మందురా అది? ఏం మందు పొడిచినవ్ మావోళ్లకు ఏడాది సంది?"

"ఇయ్యాల అడుగుతున్నవా? ఏడాదిల ఒక్కనాడు అడిగినవా?" సతీశ్ కూడా గొంతు పెంచాడు. "నొప్పి తగ్గియ్యమన్నరు, తగ్గిచ్చిన. పెద్ద డాక్టర్లు చూస్తలేరు, సర్కారు చూస్తలేదు, అర్ధరాత్రి తలుపు కొడితే లేసింది నేను. నన్ను తొక్కుతవేంది, చేతనైతే వాళ్లను తొక్కు."

ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఇంకా మండింది. ఆశన్న ఆటో వైపు తిరిగాడు.

సతీశ్ కాల్వ గట్టు మీద కూలబడి, పోయిన మందు వంక చూస్తూ, కొంచెం తగ్గాడు. "అవునన్నా, వదినె వస్తలేదేంది? పది పన్నెండొద్దులాయె. గోలీలు గూడ తీస్కపోలే. ఏడన్న ఊరికి పోయిందా?"

"ఇంక రాదు. ఎన్నడు రాదు," అని ఆశన్న ఆటో ఎక్కాడు. సతీశ్ అడిగింది చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. లోపల ఖాళీ లేదు.

ఇంటి తలుపు చేరవేసి ఉంది. దండెం మీద పొద్దున తాను ఆరేసిన చీర అట్లాగే ఉంది. పొయ్యి మీద పొద్దున తాను వండిపెట్టిన అన్నం కూడా మూత తీయకుండా అట్లాగే ఉంది. "సాలవ్వా," అని పిలిచాడు. దార్లో వంద మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. సూది సంగతి ఎట్లా చెప్పాలి, తన తప్పు ఎట్లా ఒప్పుకోవాలి, శుక్రవారం కమిటీ ముందు ఏమనాలి. ఆ మాటలన్నీ గడప దగ్గరే రాలిపోయాయి.

సాలవ్వ నీళ్లకుండ పక్కన నేల మీద పడి ఉంది. చెంబు దొర్లిపోయింది. పక్కన పచ్చగా కక్కిన మరక. పట్టుకుంటే చెయ్యి చల్లగా, చెమటతో జారుతోంది. పది రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుంటున్నది. తిండి తగ్గించింది. అడిగితే నిద్ర పడుతలేదు అనేది. ఎండలు గదా అనుకున్నాడు.

"సాలవ్వా! ఓ సాలీ! ఇటు సూడు. ఏమైంది?"

ఆమె కళ్లు తెరిచింది. మొగుణ్ని గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. "వచ్చినవా... నీళ్లు ముంచుకుందామని లేసిన. లేస్తలేనయ్యా."

సతీశ్ అడిగిన మాట ఇప్పుడు లోపలికి దిగింది. "సూది ఎందుకు బంద్ పెట్టినవే? గోలీలు ఎందుకు మింగుతలెవ్వు? నాకెందుకు చెప్పలే?"

సాలవ్వ చెయ్యి ఎత్తబోయింది. లేవలేదు. కళ్లతోనే గోడ వంక చూపించింది. గోడకు మేకు. మేకుకు ఎర్రతాడుతో కార్డు. పది రోజుల కింద ఫంక్షన్‌హాల్లో శాలువా కప్పి మెడలో వేసింది; ఆశన్న దాన్ని ఉత్త సన్మానం బిళ్ల అనుకుని ఊరుకున్నాడు. ఫోటోలో ఆమె ముఖం గుండ్రంగా, నిండుగా, నవ్వుతూ ఉంది. ఫోటో కింద పెద్ద అక్షరాలు. కోలుకున్న వ్యక్తి.

"సర్కారే రాసిచ్చింది గదా బాగైందని," అన్నది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "బాగైన మనిషికి సూదెందుకని... గా దినం సందే మానేసిన. మానేస్తే గిట్లైతుంది. కాయిదం అబద్ధం చెప్పదు గద. మరి నాకేమైతున్నదయ్యా? నేను పనిదొంగనైతున్ననా?"

 ఆశన్న ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. అప్పుడే జేబులో ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"అన్నా, ఎన్నిమార్లు చేసిన! గేటు కాడ గదే చెప్పొస్తే వినకపోతివి," లిదియా గొంతు ఉరుకుతోంది. "ఆ సూది గానీ గోలీలు గానీ ఎవలూ ఒక్కసారి బంద్ పెట్టొద్దు. వినవడ్తుందా? కెనాల్ నీళ్లొస్తున్నయని బోరు మూలకు పెట్టినట్టన్నా అది. ఏడాది సంది బైట మందు పడ్డది, ఒంట్ల పుట్టేది పుట్టుడు మానేసింది. ఇప్పుడు కెనాల్ బంద్ అయితే మడి ఎండిపోతది. ప్రాణం మీదికొస్తది. మెల్ల మెల్లగ నేనే తగ్గిస్త. అందరికీ చెప్పు."

"మా సాలవ్వ బంద్ పెట్టింది మేడం," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదో లాగా వినిపించింది. "పది దినాలాయె. కింద పడ్డది. ఒళ్లు సల్లగైంది. కక్కుకున్నది."

 లిదియా గొంతు మారింది. తొందర పోయి, ఒక్కొక్క మాటా మేకు కొట్టినట్టు వచ్చింది.

"విను అన్నా. ఎల్లారెడ్డి దవాఖానకు ఫోన్ చేసి నేను చెప్త, నువ్వు తోలుకపోవాలె. కానీ ఆ దారి అంతసేపు అక్క ఆగదు. ముందుగాల సూది పడాలె. గదే సూది. సతీశ్ సూదే. ఇప్పుడు అక్కను నిలవెట్టేది గదొక్కటే. సతీశ్ ఇల్లు దగ్గర్నే గద? ఉరుకు, ఒక్క సీసా తే."

 ఆశన్న సాలవ్వ తల కింది నుంచి కాలు కొంచెం జరపబోతే, చెప్పు అడుగున ఏదో నేలకు గీసుకుని కరకరమంది. వంగి చూశాడు. చెప్పు రబ్బరులో గుచ్చుకుని, ఇంకా తడిగా, గోరంత గాజు పెంకు.

"ఉన్నది గద అన్నా, వాని కాడ?" ఫోన్ అడుగుతోంది. "మాట్లాడవేంది? ఒక్కటన్న ఉన్నదా?"